విడుదలయ్యాడు, కానీ నిర్దోషి కాలేదు: ‘రెక్టిఫై’ సీరియల్లోని చిక్కుముడి

అట్లాంటాలో ఉండే మా పిన్ని కొడుకు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాలుగు సీజన్లూ అయిపోయాయి. ఇంతకీ వాడు చంపినట్టా, చంపనట్టా?" వాడడిగింది ‘రెక్టిఫై’ గురించి. సీరియల్లో అది తేల్చలేదురా అన్నాను. "డీఎన్ఏ కలవలేదన్నారు కదా! ఇంక తేల్చడానికేముంది?" అని విసుక్కున్నాడు.

ఆ విసుగులో న్యాయం ఉంది. డీఎన్ఏ కలవలేదు, కోర్టు శిక్ష కొట్టేసింది, మనిషి ఇంటికొచ్చాడు. అయినా ఊళ్ళో సగం మంది అతన్ని హంతకుడనే అంటారు, షెరీఫ్, అంటే అక్కడి కౌంటీ పోలీసు పెద్ద, అతని వెంటపడుతూనే ఉంటాడు, ఆఖరికి అతనే వెళ్ళి నేరం ఒప్పుకుంటూ సంతకం పెడతాడు. మన కోర్టు వార్తలు చదివి చదివి అలవాటైన కళ్ళకి ఇదంతా కథకుడు లాగిన సాగతీతలా కనిపిస్తుంది. కానీ అమెరికా చట్టం నిజంగానే ఇలా నడుస్తుంది. ఆ నడక తెలిస్తే, ఆ ఇంట్లోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు ఎందుకు చూడలేకపోతారో కూడా అర్థమవుతుంది. అందుకే మొదటినుంచీ చెబుతున్నాను. కథంతా బయటపడుతుంది. ముందు చూసి తర్వాత చదువుకుందాం అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగొచ్చు.

పాలీ అనే ఊరు, అందులో ఒక టైర్ల కొట్టు

‘రెక్టిఫై’ 2013 ఏప్రిల్‌లో అమెరికాలో సన్‌డాన్స్ ఛానెల్‌లో మొదలై 2016 డిసెంబరులో ముగిసింది. నాలుగు సీజన్లు కలిపి 30 భాగాలు. సృష్టికర్త రే మెకినన్ స్వయంగా నటుడు, జార్జియా రాష్ట్రంలో చిన్న ఊరివాడు. టీవీ, రేడియో కార్యక్రమాలకిచ్చే పీబాడీ అవార్డు వచ్చింది. చూసినవాళ్ళు తక్కువే గానీ, చూసినవాళ్ళు మాత్రం వదలకుండా మాట్లాడే రకం సీరియల్.

కథ జరిగే పాలీ కల్పిత ఊరు. షూటింగ్ చేసింది మాత్రం అట్లాంటాకి దక్షిణంగా ఉన్న గ్రిఫిన్ అనే నిజమైన ఊళ్ళో. అట్లాంటా తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండేది ఉత్తరాన ఆల్ఫరెట్టా, కమింగ్ వైపు. ఇటు దక్షిణానికి వచ్చే పని పెద్దగా పడదు. మా తమ్ముడు ఎనిమిదేళ్ళుగా అక్కడుంటూ గ్రిఫిన్ పేరు ఈ సీరియల్ వల్లే విన్నాడట. గ్రిఫిన్ ఉన్న స్పాల్డింగ్ కౌంటీకి ఆనుకునే బట్స్ కౌంటీ ఉంది. ఆ కౌంటీలోని జాక్సన్ ఊరి దగ్గరే జార్జియా రాష్ట్రపు మరణశిక్షల జైలు. అంటే తెరమీద డేనియల్ తిరిగి వచ్చి అడుగుపెట్టే వీధులకూ, అతనిలాంటి వాళ్ళని నిజంగా ఉంచే గోడలకూ మధ్య దూరం చాలా తక్కువ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే గానీ బాగా చిన్నది. జార్జియా ఒక్కదాంట్లోనే 159 కౌంటీలున్నాయి. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

డేనియల్ హోల్డెన్‌కి 18 ఏళ్ళప్పుడు, హన్నా డీన్ అనే పదహారేళ్ళ అమ్మాయి మీద అత్యాచారం చేసి చంపాడని మరణశిక్ష వేశారు. 19 ఏళ్ళు డెత్ రోలో, అంటే మరణశిక్ష పడ్డవాళ్ళనుంచే జైలు విభాగంలో, కిటికీ లేని తెల్లటి గదిలో గడిపాడు. ఆ 19 ఏళ్ళలో తండ్రి పోయాడు. తల్లి జేనెట్ మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఇంకో కొడుకు పుట్టాడు. పెళ్ళాడిన టెడ్‌కి ముందే టెడ్డీ అనే ఎదిగిన కొడుకున్నాడు. హోల్డెన్ల టైర్ల కొట్టు ఇప్పుడు టెడ్, టెడ్డీల చేతిలో ఉంది. చెల్లెలు అమాంథా పెళ్ళీ ఉద్యోగం అన్నీ పక్కన పెట్టి అన్న కేసు పట్టుకు తిరిగింది. ఈ ఇంటికి డేనియల్ తిరిగొస్తాడు. అతని గది ఉంది, క్యాసెట్ల డబ్బా ఉంది, వాక్‌మన్ ఉంది. చోటు మాత్రం లేదు.

మన సీరియల్ రహస్యం, ఈ సీరియల్ రహస్యం

మన డైలీ సీరియల్‌లో రహస్యం సంగతి మీకు తెలుసు. పిల్లలు పురిట్లోనే మారిపోయారని ప్రేక్షకుడికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. తెలియనిది హీరోయిన్‌కి మాత్రమే. తలుపు చాటున విన్న పనిమనిషి చెప్పబోతుంది, అప్పుడే ఫోన్ మోగుతుంది. 600 భాగాల పాటు మన బాధంతా "అయ్యో, ఈవిడకి ఎప్పుడు తెలుస్తుందో" అన్నదే.

హత్య మిస్టరీ సీరియళ్ళలో దీనికి తిరగేసి ఉంటుంది. హంతకుడికి తెలుసు, మనకి తెలియదు. ఆఖరి భాగంలో లెక్క సరిపోతుంది.

‘రెక్టిఫై’లో ఉన్నది మూడో రకం. రహస్యం ఎవరిదో అతనికే అది తెలియదు. ఆ రాత్రి డేనియల్, హన్నా, ఇంకొందరు కుర్రాళ్ళు మత్తు పుట్టగొడుగులు తిన్నారు. తెల్లారి హన్నా శవం పక్కన డేనియల్ దొరికాడు. శవం మీద పూలు పేర్చి ఉన్నాయి. పోలీసులు గంటల తరబడి అడిగాక ఒప్పుకున్నాడు. తర్వాత 19 ఏళ్ళు గోడ చూస్తూ కూర్చున్నాక, గుర్తున్నదేది, పోలీసులు చెప్పగా గుర్తుపెట్టుకున్నదేది, తనే ఊహించుకున్నదేది అన్న గీత చెరిగిపోయింది. ఆఖరి సీజన్లో తానే చెబుతాడు, తనకి ఖాయంగా తెలియదని.

నా లెక్కలో ఈ సీరియల్ మొత్తానికి ఇదే ఇరుసు. దాని చుట్టూ మామూలు కుటుంబ రహస్యాలు బోలెడు తిరుగుతుంటాయి. అమాంథా, అన్న లాయరు జాన్ స్టెర్న్ దొంగచాటుగా కలుస్తుంటారు. టెడ్డీది ఇంకా చేదు వ్యవహారం. కొట్లో ఒకరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు జైల్లో ఏం జరిగేదని డేనియల్‌ని వెకిలిగా గుచ్చుతాడు. డేనియల్ అతని గొంతు నొక్కి స్పృహ తప్పించి, బట్టలు విప్పి, కాఫీ పొడితో ఘోరంగా అవమానిస్తాడు. ఆ సంగతి టెడ్డీ భార్యకీ చెప్పలేడు, తండ్రికీ చెప్పలేడు. అదే కొట్లో మర్నాడు టైర్లు అమ్ముతాడు. ఆ సన్నివేశం తర్వాత ప్రేక్షకుడికి కూడా డేనియల్ మీద పెట్టుకున్న నమ్మకం కాస్త బీటలు వారుతుంది. సీరియల్ కావాలనే చేసిన పని అది. అమాయకుడు జైలుకెళ్ళాడు అన్నంత తేలికగా మనల్ని కూర్చోనివ్వదు.

కొట్టేసిన శిక్ష అంటే పలక తుడవడం మాత్రమే

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్నకి అసలు జవాబు. వార్తల్లో మనం కలిపేసే మూడు మాటలున్నాయి. విడుదల, శిక్ష రద్దు, నిర్దోషి అని తేలడం.

విడుదల అంటే మనిషి బయటికి రావడం, అంతే. బెయిల్ మీద వచ్చినా విడుదలే. శిక్ష రద్దు అంటే పాత విచారణలో తప్పు జరిగిందనో, కొత్త ఆధారం బయటపడిందనో కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టేయడం. నిర్దోషి అని తేలడం అంటే ఇతను చేయలేదనో, చేసినట్టు రుజువు కాలేదనో కేసు పూర్తిగా ముగిసిపోవడం.

డేనియల్‌కి దొరికింది రెండోదే. పలక తుడిచారు, కానీ పలక మాస్టారి చేతిలోనే ఉంది. పాత తీర్పు లేదు గానీ పాత అభియోగం అలాగే ఉంది. ప్రాసిక్యూటర్ కావాలంటే మళ్ళీ మొదట్నుంచీ విచారణ పెట్టొచ్చు, మళ్ళీ మరణశిక్ష అడగొచ్చు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదన్న రక్షణ అమెరికా రాజ్యాంగంలో ఉందిగా అనొచ్చు. ఉంది. అయితే ముద్దాయే అప్పీలు చేసుకుని శిక్ష కొట్టేయించుకుంటే ఆ రక్షణ మామూలుగా అడ్డురాదు. రుజువే చాలలేదని పై కోర్టు అంటే తప్ప. ఆ మినహాయింపుని అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఖాయం చేసింది. డేనియల్ కేసులో రుజువు చాలలేదని కోర్టు అనలేదు, కొత్త ఆధారం వచ్చిందంది. తేడా ఒక్క వాక్యమే. దాని బరువు మాత్రం అతని నెత్తిన నాలుగు సీజన్ల పాటు ఉంటుంది.

మన దగ్గరి అనుభవంతో పోల్చి చూస్తే ఇది తెలుస్తుంది. 2007లో విజయవాడ దగ్గరి ఒక హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో కింది కోర్టు ఒక యువకుడికి యావజ్జీవం వేసింది. 2017లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. అతను జైల్లో ఎనిమిదేళ్ళు గడిపి బయటికొచ్చాడు. అక్కడ కూడా చంపిందెవరన్న ప్రశ్న మిగిలే ఉంది, తర్వాత సీబీఐ చేతికీ వెళ్ళింది. కానీ ఆ యువకుడి మటుకు హైకోర్టు తీర్పు సూటిగా ఉంది. డేనియల్‌కి అలాంటి వాక్యం ఒక్కటీ ఎవరూ రాసివ్వలేదు.

డీఎన్ఏ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

డీఎన్ఏ అనగానే దేవుడి సాక్ష్యం అనుకుంటాం. దానికి ఆ పేరు ఊరికే రాలేదు. అమెరికాలో డీఎన్ఏ వల్ల తొలిసారి ఒక ఖైదీ నిర్దోషిగా తేలింది 1989లో. 1992లో బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ అనే ఇద్దరు లాయర్లు ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ పెట్టారు. ఆ తర్వాత వందల మంది బయటికొచ్చారు. వాళ్ళలో డెత్ రో నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

అయితే డీఎన్ఏ జవాబు చెప్పేది మనం అడిగిన ప్రశ్నకే. హన్నా ఒంటి మీద దొరికిన వీర్యం ఎవరిది అన్నది ప్రశ్న. డేనియల్‌ది కాదు అన్నది జవాబు. గొంతు నులిమింది ఎవరు అన్న ప్రశ్న డీఎన్ఏని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పలేదు.

ఇక్కడే ప్రాసిక్యూటర్ వాదన మడత పడుతుంది. మొదటి విచారణలో వాళ్ళ కథ ఒక్కటే, డేనియల్ అత్యాచారం చేశాడు, చంపాడు. డీఎన్ఏ వచ్చాక కథ మార్చారు. అత్యాచారం ఇంకొకరు చేసి ఉండొచ్చు, చంపింది మాత్రం ఇతనే. వినడానికి మొండివాదం లాగే ఉంటుంది. జ్యూరీని పాత కథతో నమ్మించి శిక్ష వేయించాక, ఆ కథలో సగం కూలితే మిగతా సగం అలాగే నిలబడుతుందా? నిలబడదని అమాంథా అంటుంది. అమెరికాలో నిజమైన కేసుల్లో డిఫెన్స్ లాయర్లు అనేదీ అదే. అటువైపు మాట కూడా వినాలి. మనిషి ఒప్పుకున్నాడు, శవం పక్కన దొరికాడు, అది డీఎన్ఏతో చెరిగిపోదుగా అని షెరీఫ్ అంటాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. హన్నా తల్లి ముఖం చూడాల్సిన మనిషి. ఈ రెండు వాదనల్లో ఏదీ పూర్తిగా తెలివితక్కువది కాకపోవడమే చూసేవాళ్ళని ఇబ్బంది పెడుతుంది.

చేయని నేరం ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు

మన ఊళ్ళో ఎవరైనా పోలీస్ స్టేషన్‌లో ఒప్పుకున్నాడంటే "ఎంత కొట్టారో పాపం" అనేస్తాం. ఆ అనుమానం మన చట్టంలోనే ఉంది. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను అంది, ఇప్పటి కొత్త చట్టమూ అదే అంటోంది. అమెరికాలో అలా కాదు. హక్కులు చదివి వినిపించాక పోలీసులకి చెప్పింది కోర్టులో నేరుగా పనికొస్తుంది. పైగా "నీ వేలిముద్రలు దొరికాయి", "నీ స్నేహితుడు నిజం చెప్పేశాడు" అని ముద్దాయికి అబద్ధం చెప్పే వెసులుబాటు కూడా పోలీసులకుంది. అబద్ధం చెప్పినంత మాత్రాన నేరాంగీకారం చెల్లకుండా పోదని 1969లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది.

ఒకసారి ఊహించండి. వయసు 18. రాత్రి తిన్న మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. స్నేహితురాలి శవం చూశావు. ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్ళు ఎనిమిది గంటలుగా ఒకే మాట అంటున్నారు, నువ్వే చేశావు, నీకు గుర్తు లేదంతే. తొమ్మిదో గంటలో "అయ్యుండొచ్చు" అంటావు. పదో గంటకి "అయ్యుండొచ్చు" కాస్తా "అవును" అవుతుంది. ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ లెక్క ప్రకారం తొలి 375 డీఎన్ఏ విముక్తుల్లో దాదాపు 29 శాతం కేసుల్లో తప్పుడు నేరాంగీకారాలున్నాయి. ఒప్పుకున్నవాళ్ళలో చాలామంది కుర్రాళ్ళే.

ఓట్లడిగే ప్రాసిక్యూటర్

మన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ప్రభుత్వం నియమిస్తుంది. ఆయన పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. జార్జియాలో డిస్ట్రిక్ట్ అటార్నీ నాలుగేళ్ళకోసారి ఓట్లడిగి గెలవాలి. షెరీఫ్ కూడా అంతే. ఒక్కసారి మన మండలంలో ఎస్సైకి ఎన్నికలు జరుగుతాయని అనుకోండి. గోడల మీద "హంతకుణ్ణి పట్టిన నాయకుడు" అని రాతలుంటాయి. ఆ హంతకుడు హంతకుడు కాదని పదేళ్ళ తర్వాత తేలితే ఏ నాయకుడు ఒప్పుకుంటాడు?

పాలీలో డేనియల్‌కి శిక్ష వేయించిన ప్రాసిక్యూటర్ రోలండ్ ఫౌక్స్ ఇప్పుడు సెనేటర్. ఆ కేసే అతని నిచ్చెన. చిన్న ఊరు కాబట్టి అందరూ అందరికీ తెలుసు. చర్చిలో ఒకే వరుసలో కూర్చుంటారు, ఒకే సూపర్ మార్కెట్లో బండి తోసుకుంటూ ఎదురవుతారు. నవ్వుతూ "మేడమ్" అంటూ పలకరిస్తారు. అమెరికా దక్షిణాదిలో మర్యాద చాలా ముఖ్యం. ఆ మర్యాద కిందే కత్తులు దాచుకుంటారని వాళ్ళే అంటారు. హన్నా అన్న బాబీ, మరికొందరు ముసుగులేసుకుని శ్మశానంలో డేనియల్‌ని చావగొట్టేదాకా ఆ మర్యాద చెక్కుచెదరదు. ఎవరు కొట్టారో ఊరంతటికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఈ ఒక్క విషయంలో పాలీకీ మన ఊళ్ళకీ పెద్ద తేడా లేదు.

బేరం కుదిరింది

రెండో సీజన్ చివర్లో కొత్త ప్రాసిక్యూటర్ ఒక బేరం పెడుతుంది. నేరం ఒప్పుకో, గడిపిన జైలే శిక్ష అనుకుందాం, మళ్ళీ లోపలికి పోనక్కర్లేదు, కానీ ఊరు వదిలి వెళ్ళిపోవాలి. డేనియల్ ఒప్పుకుంటాడు.

దీన్ని ప్లీ బార్గెయిన్ అంటారు. అమెరికా న్యాయవ్యవస్థలో ఇదే మామూలు, విచారణే అరుదు. ఫెడరల్ (కేంద్ర) కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం ఇలా ఒప్పుకోవడం వల్లే పడుతున్నాయని సుప్రీంకోర్టే 2012లో ఒక తీర్పులో రాసింది. సినిమాల్లో చూసే జ్యూరీ, వాదోపవాదాలు మిగతా కొద్ది కేసులకే. మన దేశంలో ఈ పద్ధతి 2006లో అమల్లోకొచ్చినా ఏడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకు వర్తించదు. హత్య కేసులో బేరం అన్న ఊహే మనకి కొత్త.

నిర్దోషి అయితే బేరం ఎందుకు? డేనియల్ కుర్చీలో కూర్చుని లెక్క వేయండి. ఒకవైపు కొత్త విచారణ. నెగ్గొచ్చు. ఓడితే ప్రాణం తీసే విషపు సూది. పక్క సెల్‌లోని కర్విన్‌ని, గోడ అవతలి నుంచి మాట్లాడిన ఏకైక స్నేహితుణ్ణి, తీసుకెళ్ళడం చూసినవాడికి ఆ సూది వట్టి మాట కాదు. విచారణ జరిగినన్నాళ్ళూ తల్లి మళ్ళీ కోర్టు బెంచీ మీద కూర్చోవాలి, చెల్లెలి బతుకు మళ్ళీ ఆగిపోవాలి. రెండోవైపు ఒక సంతకం. నెగ్గే అవకాశం పదింట తొమ్మిది పాళ్ళు ఉన్నా, పదో పాలులో ఉన్నది ప్రాణం. తను చేశాడో లేదో తనకే తెలియని మనిషికి "నేను చేయలేదు" అని కోర్టులో నిలబడి గట్టిగా చెప్పే బలం ఎక్కడిది?

ఇది కల్పన అనుకునేవాళ్ళకి ఆర్కన్సా రాష్ట్రంలో జరిగింది చెప్పాలి. 1993లో వెస్ట్ మెంఫిస్‌లో ముగ్గురు ఎనిమిదేళ్ళ పిల్లలు హత్యకు గురయ్యారు. ముగ్గురు టీనేజర్లకి 1994లో శిక్ష పడింది, ఒకరికి మరణశిక్ష. అందులోనూ ఒక కుర్రాడి నేరాంగీకారమే కీలకమైంది. డీఎన్ఏ పరీక్షల్లో వాళ్ళ ఆనవాళ్ళేవీ కలవలేదు. కొత్తగా వాదనలు వినాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఆ వాదనలు మొదలవకముందే, 2011 ఆగస్టు 19న ముగ్గురూ బయటికొచ్చారు. ఎలా? "మేం నిర్దోషులం, కానీ మమ్మల్ని దోషులుగా తేల్చడానికి ప్రభుత్వం దగ్గర చాలినంత ఆధారం ఉందని ఒప్పుకుంటున్నాం" అని సంతకం పెట్టి.

దీనికి ఆల్ఫర్డ్ ప్లీ అని పేరు. నార్త్ కరొలైనాలో హెన్రీ ఆల్ఫర్డ్ అనే అతను హత్య కేసులో మరణశిక్ష తప్పించుకోవడానికి, నేను చంపలేదంటూనే నేరం ఒప్పుకున్నాడు. ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1970లో అంది. సమర్థించేవాళ్ళు చెప్పేది, ముద్దాయికి తన మేలు తాను ఎంచుకునే హక్కుంది, నిజం చెబుతూనే ప్రాణం దక్కించుకోనివ్వండి అని. వ్యతిరేకించేవాళ్ళు చెప్పేది, కోర్టు తెలిసి తెలిసి నిర్దోషినంటున్న మనిషిని శిక్షిస్తే అది కోర్టు ఎలా అవుతుంది అని. ఇండియానా, మిషిగన్, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు దీన్ని ఒప్పుకోవు. ప్రభుత్వానికి మాత్రం ఇందులో లాభం సూటిగానే ఉంది. శిక్ష రికార్డులో నిలబడుతుంది, తప్పుడు శిక్షకి పరిహారం దావా పడదు, అసలు హంతకుణ్ణి వెతికే పని కూడా ఉండదు.

డేనియల్‌కి ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేదు. తన నోటితో, ఎలా చంపాడో వాళ్ళ ముందు చెప్పాలి. చెబుతాడు. అది జ్ఞాపకమా, 19 ఏళ్ళ క్రితం పోలీసులు అందించిన కథా, ఇంటికి పోవడానికి అప్పటికప్పుడు కట్టిందా అన్నది ఆ ముఖం చూసినా పోల్చలేం. ఆ పాత్ర వేసిన ఏడెన్ యంగ్ ఆ సన్నివేశాన్ని గొంతు పెంచకుండా, ఎవరికో దారి చెబుతున్నట్టు చెబుతాడు. నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ వేరేలా అనిపించింది.

అమాంథా దృష్టిలో ఇది ద్రోహం. పన్నెండేళ్ళ పిల్లప్పటి నుంచి అన్న చేయలేదని ఊరితో పోట్లాడిన మనిషికి, అన్నే వెళ్ళి చేశానంటే ఇంకేం మిగులుతుంది?

ఊరి నుంచి వెలి, చట్టబద్ధంగా

‘ఊరు వదిలి పోవాలి’ అన్న షరతు చూసి, ఇదేం పెదరాయుడు పంచాయతీ అనుకున్నాను మొదట. కానీ జార్జియాలో ఇది బతికున్న పద్ధతి. రాష్ట్రం బయటికి వెళ్ళగొట్టడాన్ని శిక్షగా వేయకూడదని జార్జియా రాజ్యాంగం స్పష్టంగా చెబుతుంది, కొరడా దెబ్బలతో కలిపి ఒకే వాక్యంలో. జడ్జీలు దానికో దారి కనిపెట్టారు. రాష్ట్రంలో 159 కౌంటీలున్నాయని మొదట చెప్పాను కదా. అందులో 158 కౌంటీల్లో అడుగుపెట్టకూడదు అంటారు. మిగిలిన ఆ ఒక్క కౌంటీ ఎక్కడో మూలన ఉంటుంది. కాగితం మీద రాష్ట్రంలోనే ఉండనిచ్చినట్టు, ఆచరణలో రాష్ట్రం దాటిపోక తప్పనట్టు. ఇలాంటి ఉత్తర్వును రాష్ట్ర సుప్రీంకోర్టు 2008లో ఒక కేసులో సమర్థించింది కూడా. బాధితుల భద్రతకి ఇది అవసరం అన్నది సమర్థించేవాళ్ళ మాట. ఒక చోటి సమస్యని ఇంకో చోటికి తోసేయడమే అన్నది విమర్శ. మన నగరాల్లో రౌడీషీటర్లకి నగర బహిష్కరణ వేసినప్పుడు వినిపించే వాదనలూ ఇవే.

డేనియల్ సరిహద్దు దాటి టెనెసీలోని నాష్‌విల్ చేరతాడు. పాలీలో వదిలి వెళ్ళినవాటిలో ఒకటి తల్లి వంటగది. కొత్తగా చేసిస్తానని విప్పి మొదలుపెట్టింది తనే. 19 ఏళ్ళు దేన్నీ ముట్టుకోనివ్వని చోట ఉన్న మనిషికి సుత్తి పట్టుకుని గోడ బద్దలు కొట్టడం ఎంత హాయిగా ఉంటుందో ఆ చేతుల్లో కనిపిస్తుంది. జేనెట్ ఏమీ అనదు. ఆవిడ రహస్యం అదే అనిపిస్తుంది నాకు. కొడుకు చేశాడా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని.

ఈ కథ ఎవరి కళ్ళతో చూస్తున్నాం

ఒక చిక్కు మిగిలింది. డేనియల్ తెల్లవాడు. కర్విన్ నల్లవాడు. తిరిగొచ్చింది డేనియల్, చనిపోయింది కర్విన్. సీరియల్ కర్విన్‌ని ఎంతో ప్రేమగా చూపిస్తుంది గానీ అతని కేసు, అతని కుటుంబం, అతని ఊరు డేనియల్ కథకి అంచులుగానే మిగిలిపోతాయి.

జార్జియా కథలో ఇది చిన్న విషయం కాదు. అమెరికా మరణశిక్షల చరిత్రే చాలావరకు ఈ రాష్ట్రం మీదుగా నడిచింది. 1972లో సుప్రీంకోర్టు దేశమంతటా మరణశిక్షలు ఆపింది, 1976లో మళ్ళీ అనుమతించింది. రెండూ జార్జియా కేసుల మీదే. 1987లో ఇంకో జార్జియా కేసు. హతుడు తెల్లవాడైతే మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని ఒక పరిశోధన చూపించింది. సుప్రీంకోర్టు ఆ లెక్కని తోసిపుచ్చకుండానే, ఈ ముద్దాయి పట్ల కావాలని వివక్ష చూపినట్టు రుజువు కాలేదంటూ 5-4 తేడాతో శిక్షని నిలబెట్టింది. ఇది తెలిసి చూస్తే, గోడ అవతలి నుంచి వచ్చే కర్విన్ గొంతు ఇంకోలా వినిపిస్తుంది. సీరియల్ ఒక్క కుటుంబాన్ని లోతుగా చూపాలనుకుంది, అన్నీ చూపలేదు అని సమర్థించొచ్చు. నాకు మాత్రం అది లోటుగానే అనిపించింది.

ఇంతకీ ఆ సంతకం ఖరీదెంత

ఆఖరి సీజన్లో పాత సాక్షుల్లో ఒకరు నోరు విప్పుతాడు, కేసు తిరగతోడాలన్న కదలిక మొదలవుతుంది. తీర్పు మాత్రం తెర మీదికి రాదు. డేనియల్ నాష్‌విల్‌లో ఒక గోదాములో పని చేసుకుంటూ, జైలు నుంచి వచ్చినవాళ్ళ వసతి గృహంలో ఉంటాడు.

ఫోన్లో మా తమ్ముడికి చివరగా చెప్పింది డబ్బు లెక్క. వాడు అకౌంటెంటు, అదైతే వింటాడని. జార్జియాలో తప్పుడు శిక్ష అనుభవించినవాళ్ళకి పరిహారం కావాలంటే శాసనసభ ఒక్కొక్కరి పేరు మీదా విడిగా తీర్మానం చేయాల్సి వచ్చేది. 2025లో గానీ అందరికీ వర్తించే చట్టం రాలేదు. దాని ప్రకారం జైల్లో గడిపిన ఒక్కో ఏడాదికి 75,000 డాలర్లు, ఆ ఏడాది డెత్ రోలో గడిస్తే ఇంకో 25,000. డేనియల్ 19 ఏళ్ళకి లెక్క కట్టు అన్నాను.

"పంతొమ్మిది లక్షలు" అన్నాడు వెంటనే.

అది శిక్ష తప్పని తేలినవాళ్ళకి అన్నాను. ఇతని శిక్ష కొత్తగా, ఇతని సంతకంతోనే, రికార్డులో ఉంది.

కాసేపు అవతల్నుంచి మాట లేదు. తర్వాత, "అంటే ఎంత, సున్నానా?" అన్నాడు.